తడిసేవి, పగిలేవి, ఏమీ కానివి

సత్తెనపల్లి,
11-11-1987, ఉదయం పదిన్నర.

శ్రీయుత మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు, పార్సిల్ లారీ ఆఫీసు బుకింగ్ గుమాస్తా అనంతపద్మనాభం వ్రాసుకున్న అర్జీ.

విషయం: పురుగుమందు కారిన గోధుమరవ్వ బస్తాలు ఆరింటిని బాలికల హాస్టలుకు పోకుండా ఆపించుట గురించి.

అయ్యా,

తెల్లకాగితము అందక బుకింగ్ ఫారము వెనుక వ్రాసినందుకు ముందుగా క్షమించవలెను.

1. మా ఆఫీసుకు వచ్చిన సరుకును మూడు రకములుగా విడదీసి సుద్దముక్కతో గుర్తు పెట్టుదుము. తడిస్తే చెడేవి, పడితే పగిలేవి, ఏమీ కానివి. పదకొండేళ్ల క్రితం ఈ పద్ధతి కనిపెట్టినది నేనే. అందుకు మా యజమాని బాపయ్యగారు నన్ను పదిమందిలో మెచ్చుకుని గొడుగు బహూకరించిరి.

2. పత్తికి తెల్లదోమ పట్టినది మొదలు పురుగుమందు డబ్బాలు విపరీతముగా వచ్చుచున్నవి. రేకు డబ్బా తడిస్తే చెడదు, పడితే పగలదు. కాబట్టి "ఏమీ కానివి" అని వ్రాసి, తిండి సరుకుతో కలిపే లారీ ఎక్కించుచుంటిని. సరుకుకు ఏమవుతుందో చూసితిని గాని, సరుకు వల్ల మనుషులకు ఏమవుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. నా తెలివి తగలెయ్య.

3. నిన్న గుంటూరు నుంచి వచ్చిన లారీలో ఒక డబ్బా మూత వదులై, కింద ఉన్న రవ్వ బస్తాల మీద కారినది. డ్రైవరు బుడాన్ వాసన పట్టి నాకు చూపించెను. యజమాని గారికి మనవి చేయగా, "ఎండలో పడేస్తే వాసన పోద్ది పంతులూ. హాస్టలోళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు, ఎక్కించెయ్" అనిరి. ఆ హాస్టలులో అరవై ముగ్గురు ఆడపిల్లలు. రేపు పొద్దున ఉప్మా అట.

4. నేను సహజముగా పిరికివాడను. మా ఇంటావిడ సుబ్బలక్ష్మిని అడిగినా చెప్పును. గట్టిగా కాదనుట చేతగాక, బస్తాలు ఆరూ ఒకచోట పేర్పించి, పైన పొడిగా ఉన్నది చూసుకుని ఎక్కి కూర్చుంటిని. ఉదయం ఎనిమిది గంటల నుంచి దిగలేదు. "ఏందయ్యా నీ గోల, దిగు" అని యజమాని అరిచి, నన్ను దింపుటకు హమాలీలను తీసుకురావడానికి వెళ్లిరి. లారీ పదకొండున్నరకు బయలుదేరును.

5. పై బస్తా పొడిగా లేదు. ఇప్పుడే చూశాను. పంచె వెనుకంతా తడి. కార్తీకంలో ఈ చెమటేమిటా అనుకుంటూ ఉన్నాను. నోట్లో నీళ్లు ఊరిపోతున్నాయి, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అయ్యా, నాకు చచ్చేంత భయంగా ఉంది. దిగి బావి దగ్గరకు పరుగెత్తాలని ఉంది. దిగితే ఎక్కించేస్తారు. గోడౌను ఊడ్చే కొండమ్మ, "మీరెళ్లి నీళ్లు పోసుకోండి పంతులుగారూ, అందాకా నేను కూర్చుంటా" అంది. వద్దన్నాను. ఈ అర్జీ ఆమె చేతికే ఇచ్చి పంపుచున్నాను.

కావున తమరు దీనిని బల్ల మీద పెట్టక, నిలబడియే చిత్తగించి, ఉన్నపళముగా బయలుదేరవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
అనంతపద్మనాభం
(బస్తాల మీద నుంచి)

తా.క. కొండమ్మ గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి ఇది రాస్తున్నాను. ఈ పొద్దు నాలుగో రకం ఒకటి పెట్టానండీ. "మనిషిని చంపేవి". సుద్దముక్కతో ఆరు బస్తాల మీదా రాశాను. నా చొక్కా మీద కూడా రాసుకున్నాను, నన్ను ఎవరూ ఉత్త చేతులతో పట్టుకోకుండా. కానీ దింపడానికి వచ్చే హమాలీలకు చదువు రాదు. మీరే వచ్చి చెప్పాలండీ.