మా అమ్మ ముట్టని మామిడికాయ పప్పు

కల్లూరు,
14 మే 2025.

పెద్దలు నిర్మలక్క గారికి,

సుజాత చేతులు జోడించి నమస్కరించి రాస్తున్నది. మీ ఇంట్లో (చూశారా, మీరు మాకు అమ్మేశాక కూడా చెయ్యి మీ ఇల్లనే రాస్తోంది) నేను, అమ్మ, తమ్ముడు బాలకృష్ణ, అమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న కోళ్ళు, అందరం బాగున్నాం. మధిరలో మీరూ మీ చెల్లెలు గారూ చల్లగా ఉండాలి. మీ పళ్ళు పులవడం తగ్గిందా? నేను చెప్పిన పేస్టు వాడుతున్నారా, అటక మీద పడేశారా?

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోన్లో మీరు నన్ను మాట్లాడనిస్తేగా! థ్యాంక్స్ అన్న మాట నోట్లో ఉండగానే స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని పెట్టేస్తారు. ఎన్ని పాలు కాస్తారక్కా రోజుకి? అందుకే కాగితం మీద పెట్టాను. దీన్ని మధ్యలో కట్ చేయలేరు.

మా అమ్మ కన్నమ్మకు షుగర్ వల్ల కాలికి పుండైంది. చండ్రుగొండ అవతల అడవిలోని మా ఊరి నుంచి దవాఖానాకు తిప్పడం మా వల్ల కాలేదు. నా దగ్గర ఉంచుకుందామంటే, మేడ మీది కిరాయి గదిలో ఉండనంది. మట్టి తగలని చోట తనకు ఊపిరాడదని, అక్కడే పెడితే తన దారిన తాను ఊరికి పోతానని తెగేసి చెప్పింది. ఆ పుండుతో ఊరికి పోతే కాలు దక్కదని నర్సునైన నాకు తెలియదా? వాకిలీ చెట్టూ ఉన్న ఇల్లు కావాలి, అదీ జల్దీ కావాలి. ఏజెంట్లేమో మా ఊరి పేరు వినగానే, గా ఇల్లు నిన్ననే పోయింది మేడం అనేవాళ్ళు. మర్నాడు చూస్తే బోర్డు అలాగే వేలాడుతుండేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడే మీ గేటు మీద సుద్దతో రాసింది చూశాను. ఇల్లు అమ్ముతాం, ఏజెంట్లు రావద్దు, కొనేవాళ్ళే రండి అని. ఫోన్ చేస్తే, ఎవరు, ఏ ఊరు అని ఒక్క ముక్క అడగలేదు మీరు. ఎండన పడి రాకండి, పొద్దున్నే వచ్చి భోంచేసి పొండి అన్నారు.

వచ్చాం. అమ్మ ఇల్లు చూడకముందే వెళ్ళి మామిడి చెట్టు కింద కూర్చుంది. ఆ మొహం చూడగానే మాకు ఇల్లు దొరికిందనుకున్నాను. ఆ తర్వాతేగా మీరు విస్తళ్ళు వేసి, ఆ చెట్టు కాయతో చేసిన పప్పు వడ్డించింది! అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేనూ ముద్ద కలపలేదు. సంగతి చెబుదామని నోరు తెరిస్తే అమ్మ నా మోకాలు గట్టిగా నొక్కింది. అడవోళ్ళ పట్టింపులని నవ్వి, ఇల్లు ఇవ్వరేమోనని ఆమె భయం. మంచినీళ్ళు తాగి లేచాం. మీ మొహం చిన్నబోయింది. బస్సులో అమ్మను తిట్టిపోశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళు అన్నం ముట్టకుండా పోతే, ఇల్లు వద్దన్నట్టేనట మీ వైపు. ఎలా పసిగట్టాడో, మర్నాడే ఒక ఏజెంట్ మీ గుమ్మంలో దిగి, గాళ్ళకు నచ్చలేదమ్మా, నేను మంచి పార్టీని తోలుకొస్తా అన్నాడట. మీరు అతన్ని సాగనంపి తిన్నగా నాకే ఫోన్ చేశారు. ఏమ్మా, పప్పులో ఉప్పెక్కువైందా, ఇంట్లో లోపముందా, ఏదో ఒకటి మొహం మీదే చెప్పు అని కడిగేశారు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు చెప్పాను. మా ఊళ్ళో కొత్త మామిడికాయను ముందు ఊరి తల్లికి పెట్టాలి. పెద్దలు రోజు కుదిర్చి, ఊరంతా కలిసి మామిడి పండుగ చేశాకే ఎవరైనా నోట పెట్టేది. ముందే తింటే ఇంటికి కీడని అమ్మ నమ్మకం. ఆ చెట్టు కింద కూర్చున్నప్పుడే ఈ ఇల్లు తనదనుకుంది. ఇంక ఎలా తింటుంది?

మీరు వెంటనే, ఓసి పిచ్చిపిల్లా, ఇంతేనా, అమ్మను తీసుకుని రేపు రా, మాట అనేసుకుందాం, ఈసారి వంకాయ కూర చేస్తాను అన్నారు.

మన మధ్య ఇంకో మనిషి ఉండి ఉంటే కథ ఆ విస్తరి దగ్గరే ముగిసేది. అమ్మ ఊరికి పోయేది. అక్కా, ఆమె కాలు దక్కిందంటే అది మందుల వల్ల ఎంతో, మీరు అడిగిన ఆ ఒక్క మాట వల్లా అంతే. పుండు మానుతోంది. పొద్దున్నే చెట్టు కింద కాళ్ళు చాపుకుని కోళ్ళతో మా ఊరి భాషలో కబుర్లు చెబుతోంది. అవి కూడా బదులిస్తున్నాయంటుంది. నేను వాదించడం మానేశాను.

మొన్న మా ఊళ్ళో మామిడి పండుగ జరిగింది. పూజారికి జ్వరం వచ్చి ఈ యేడు బాగా ఆలస్యమైంది. అమ్మ ఈ చెట్టు కాయలే పట్టుకెళ్ళి తల్లికి పెట్టింది. చెట్టు నిండా ఇంకా బోలెడు కాయ ఉంది. పళ్ళు పులుస్తున్నాయని మీరు ఈసారి ఆవకాయ పెట్టలేదన్నారుగా. ఎవరైనా తింటారు, బస్సులో వేసి పంపుతాను.

ఉంటాను అక్కా,
మీరు మొహం మీదే కడిగేసిన
సుజాత

తా.క.: కవరు అంటించబోతుంటే పక్కింటి మంగమ్మ వచ్చింది. మీ పళ్ళ సంగతి చెబితే పడీపడీ నవ్వింది. ఆమెకు పళ్ళు పులుసుడేంది, చెరుకు గడ నములుతది అన్నది. నేను ఫోన్లో పండుగ సంగతి చెప్పిన నాటి నుంచి మీరు ఆ చెట్టు కాయ ఒక్కటి కోయలేదట, ఎవరినీ కోయనివ్వలేదట. ఆవకాయకు బజారులో కొనుక్కోమని మంగమ్మ అంటే, గా పెద్దామె తల్లికి పెట్టకముందు నేనెట్ల తింట, మాటిచ్చినంక చెట్టు నాదెట్లయితది అన్నారట. నర్సునైన నాకే పళ్ళ కథ చెప్పి నమ్మించారా అక్కా! అమ్మకు చెప్పాను. చాలాసేపు చెట్టు వంకే చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాయలు బస్సులో పంపొద్దంది. ఆదివారం తానే మధిర బస్సెక్కి తెస్తుందట. మిమ్మల్ని మామిడికాయ పప్పు చేయమంది. ఈసారి తింటుంది.