మదర్‌బోర్డుకి పెట్టిన బొట్టు

కృష్ణానగర్,
12 అక్టోబరు 2025

దర్శకులు వేంకటరమణ గారి సముఖానికి, ఒకప్పుడు మీ దగ్గర టైపు చేసిన లీలాకుమారి నమస్కారాలు. మీరు, మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమే, కాకపోతే కోపంగా ఉన్నాను.

ఈ కవరు సాయంత్రం మీ సన్మాన సభ అయ్యాకే మీ డ్రైవరు పోచయ్య మీ చేతికిస్తాడు. అప్పటికి మీకు చదువుకునే తీరిక ఉంటుంది. పలకరించేవాళ్లు పెద్దగా మిగలరు.

నెల కిందట, మీ జూబ్లీ హిల్స్ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టుకున్న పాత కంప్యూటరును మోసుకొచ్చి నా బల్ల మీద దించింది కూడా అతనే. "పైలం అమ్మా, సారు పానమంతా గిండ్లనే ఉన్నది, సభల ఆన్ చేస్తడంట" అన్నాడు. మా రిపేరు దుకాణానికి మా తమ్ముడు నాగసాయి పేరుంది కాబట్టి సరిపోయింది. నా పేరుంటే పంపేవారా మీరు?

నా కథతో సినిమా తీశారని నేను రచయితల సంఘానికి వెళ్లినప్పుడు ఏమన్నారో గుర్తుందా? ఆ కథ మీరు తొంభై ఐదులోనే ఈ కంప్యూటరు మీద రాసుకున్నారని, నేను మీ దగ్గర చేరిందే తొంభై ఎనిమిదిలో అని. సంఘం పెద్ద బసవపున్నయ్య గారు తలూపారు. ఆ తర్వాత ఫిల్మ్ నగర్‌లో ఏ ఆఫీసూ నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. టైపు వదిలి స్క్రూడ్రైవరు పట్టుకున్నాను.

మూత విప్పి, నా దగ్గరున్న తొంభై ఐదు నాటి మదర్‌బోర్డును పక్కన పెట్టి చూశాను. అందులో ప్రాసెసరు బిళ్లలా బోర్డు మీద పడుకుని ఉంటుంది. మీదాంట్లో వీడియో క్యాసెట్టులా నిలువుగా గాడిలో దిగి ఉంది. ఆ రకం బోర్డు తొంభై ఏడుకి ముందు పుట్టనే లేదండీ! ఆన్ చేయగానే తెర అడుగున దాని తేదీ కూడా పడుతుంది, మార్చి 1998 అని. పాత కంప్యూటర్లన్నీ ఒకటే అనుకున్నారు మీరు. అప్పట్లో నాకూ తెలియక నోరు మూసుకున్నాను. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు.

నేను చేరిన ఏడు దసరాకి, ఆయుధపూజ నాడు, కంప్యూటరుకి బొట్టు పెట్టమంటే నేను మూత తీసి లోపల బోర్డుకి పెట్టాను. పని చేసేది అదే కదా అనుకున్నాను. పిచ్చిమొహమా అని ఆఫీసంతా వినేలా నవ్వారు. ఇప్పుడు ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆ బొట్టు మీరే పెట్టినట్టు చెప్పుకుంటున్నారు. కథనే మింగినవారికి బొట్టొక లెక్కా!

కాబట్టి ఈ సాయంత్రం మూత తీస్తారు. పెద్ద తెర మీద బొట్టు కనిపిస్తుంది. ఇది నా బోర్డే, నా బొట్టే అని మైకులో అంటారు. అనకుండా ఉండలేరు. మీట నొక్కుతారు, తేదీ పడుతుంది. ముందు వరుసలో బసవపున్నయ్య గారుంటారు. ఆ తేదీకి అర్థమేమిటో కాగితం మీద రాసి నిన్ననే ఆయనకిచ్చి వచ్చాను. కళ్లజోడు మర్చిపోవద్దని కూడా చెప్పాను.

ఇట్లు,
మీ పాత టైపిస్టు, ఆ కథ రాసిన మనిషి,
లీలాకుమారి

తా.క.: మీ ఏసీ నీళ్లు కారి ఆ బోర్డు ఎప్పుడో కుళ్లిపోయింది. ఎంత చేసినా లేవలేదు. మూడు వారాలు తిరిగి అదే రకం, అదే తేదీది ఇంకొకటి పట్టుకొచ్చి బిగించాను. మీరు నాదే అని చెప్పుకున్న బొట్టు మొన్న నేను పెట్టింది. ఇది నా బోర్డు కాదని రేపు మీరు అరవచ్చు. అరవండి. మరి అసలుదేదని అందరూ అడుగుతారు. అది నా సొరుగులో ఉంది. దాని మీదా 1998 అనే అచ్చయి ఉంది, పక్కనే నా పాత బొట్టు.