పక్క మంచం అదృష్టం

విజయవాడ,
ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు నుంచి.
17 ఫిబ్రవరి 2025, సోమవారం.

గౌరవనీయులైన బుల్లెమ్మక్కగారికి,

మీ చెల్లెలి వరస కరీమున్నీసా సలాములు, నమస్కారాలు రెండూ చెప్పుకుంటూ రాస్తున్నది. 'ఉభయ కుశలోపరి' అని మొదలుపెట్టాలని పటమట స్కూల్లో మా తెలుగు మాస్టారు నేర్పారు. ఇక్కడ మేము కుశలం. మీ కుశలం మాత్రం అడగను. అది నాకు తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ కుళ్ళి చచ్చాను.

ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. మీ అమ్మాయి చిన్ని నంబరుకి చేసినా అంతే. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే కాబోలని తిట్టుకున్నాను కూడా. ఫోన్ ఎత్తకపోతే ఉత్తరం రాయొచ్చుగా, నీ దస్తూరీ బాగుంటుందిగా అని మావారే అన్నారు. మావారు అన్నారు అని రాశాను, చూశారా? నోరు తెరిచి, నా వైపు తిరిగి అన్నారు. ఆ మాట మీకు చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

జ్వరం దిగిందక్కా. మొన్న పంపిన రక్తంలో ఆ మాయదారి క్రిమి ఏమీ పెరగలేదని ఇవాళ డాక్టరుగారు చెప్పారు. మెడ దగ్గర గుచ్చిన గొట్టం తీసేశారు. కిడ్నీలు కాస్త నలిగాయట, తేరుకుంటాయట. పొద్దున కుర్చీలో కూర్చోబెడితే టీ అడిగారు. తాగి, ఆటోనగర్ టీ లాగా లేదని వంక పెట్టారు. ఇన్నేళ్ళుగా లారీ సీట్లు కుట్టిన మనిషి కదా, కూర్చున్న కుర్చీని నొక్కి చూసి, నాసిరకం స్పాంజి వేశారన్నారు. అప్పుడు నమ్మాను, మనిషి నిజంగానే తిరిగొచ్చాడని.

కాబట్టి ఇప్పుడు నేను మీతో సమానం. సమానమయ్యాను కనుకే ధైర్యంగా రాస్తున్నాను. కాకముందు మీ మీద నాకున్న ఏడుపు అంతా ఇంతా కాదు.

మీ ఆయన కిడ్నీలో రాళ్ళ ఆపరేషన్‌కి వచ్చారు. మావారు షుగరుతో మానని కాలి పుండుకి వచ్చారు. కింద వార్డులో పక్కపక్క మంచాలు. అప్పుడు మనకి పోట్లాటేం లేదు. మీరు గోంగూర పచ్చడి తెస్తే నేను ఖీమా తెచ్చాను, మీ ఆయన చెరకు తోట గురించి, మావారు లారీల గురించి ఎడతెగకుండా మాట్లాడుకున్నారు. తర్వాత ముందు మీ ఆయనకి, వెనకే మావారికి చలిజ్వరం వచ్చింది. ఇద్దరినీ పైకి ఐసీయూకి ఎక్కించారు. క్రిమి రక్తంలోకి వెళ్ళిందన్నారు. అదీ మామూలు మందులకి లొంగే క్రిమి కాదట. మందుల పేర్లన్నీ వరసగా రాసి, ప్రతి పేరు పక్కనా పని చెయ్యదు, పని చెయ్యదు అని వచ్చింది. చివర ఒక్క మందే మిగిలిందన్నారు. దాన్ని పూర్తిగా పడనివ్వాలి, మధ్యలో ఆపితే లాభం లేదు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, సగం సగం ఆశే పెట్టుకోండన్నారు.

అప్పుడు మొదలైందక్కా నా కడుపుమంట.

అద్దాల గదిలో చివర రెండు మంచాలు మనవి. కిటికీ పక్కది మీకిచ్చారు. డాక్టరుగారు వచ్చినప్పుడల్లా మీ ఆయన దగ్గర బోలెడంత సేపు నిలబడేవారు, మావారి దగ్గరికొచ్చేసరికి చీటీ చూసి తలూపి వెళ్ళిపోయేవారు. సిస్టర్ వినీల మీ మంచానికి పది మాట్లు తిరిగితే మా మంచానికి ఒక మాటు వచ్చేది. ఆ చివరి మందు కూడా మీకే ముందు పెట్టారు. రైతులు, నలుగురిలో పలుకుబడి ఉన్నవాళ్ళు, మనం సీట్లు కుట్టుకునేవాళ్ళం, తేడా ఉండదా అనుకున్నాను. మా అబ్బాయి అమన్‌తో అదే అంటే, అమ్మీ నువ్వు ఊరుకో అని కసిరాడు.

ఇంకా పాపిష్టి మాట ఒకటుంది. ఈ క్రిమి చేతుల మీదుగా ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతుంది, ఏప్రాను వేసుకోండి, చేతులు కడుక్కోండి అని వాళ్ళు చెప్పినప్పుడు, జ్వరం ముందు వచ్చింది మీ ఆయనకే కదా అనుకున్నాను. రోగం మాకిచ్చి మందు వాళ్ళు పట్టుకుపోయారని మనసులో మిమ్మల్ని శాపనార్థాలు పెట్టాను. అదే పూట మీ డబ్బాలో పెరుగన్నం తిన్నాను.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, నాదీ అదే తంతు. మావారికి తగ్గనందుకు కాదు, మీ ఆయనకి ఎక్కడ తగ్గిపోతుందోనని నా భయం.

తగ్గనే తగ్గింది. ఆ తొమ్మిదో తేదీ ఆదివారం మర్చిపోలేను. మా పెద్దబావగారు పొద్దున్నే ఐసీయూ బయట హాల్లోకి వచ్చారు. రెండు మంచాలదీ ఒకటే జబ్బు, ఇది ఎవరినీ వదలదు, సూదులతో తూట్లు పొడిపించడం చాలు, ఇంటికి తీసుకెళ్దాం, మన నలుగురూ చదివే కలిమా వింటూ పోనీ అన్నారు. అమన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మా బాధ్యత మీద తీసుకెళ్తున్నాం అని రాసిన కాగితం నా ఒళ్ళో పెట్టి, పెన్ను చేతికిచ్చారు. నాకూ ఓపిక అయిపోయింది. కాగితం మీద 'క' రాశాను కూడా.

అప్పుడే మీరు లోపలి నుంచి వచ్చారు. చిన్ని మీ వెనకాల కళ్ళు ఉబ్బించుకుని నిలబడింది, నిద్ర లేక అనుకున్నాను. మీరు సంచిలోంచి సున్నుండల డబ్బా తీశారు. మీరన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"కరీమా, మా ఆయనకి జ్వరం దిగిపోయిందే. ఇంటికి తీసుకెళ్ళిపోతున్నాం. అదే మందు, మీ ఆయనకి పెట్టిందే. నోరు తీపి చేసుకో."

నా నోట్లో ఒకటి కుక్కారు. మీరూ ఒకటి నోట్లో వేసుకుని నములుతూ నవ్వారు. ఆ నవ్వు చూసి నా ఒళ్ళు భగ్గుమంది. ఈ సున్నుండ అరగకూడదు అనుకున్నాను, మీకో నాకో తెలియదు. కాగితం నలిపి బావగారి ముందు పడేశాను. ఆమె మొగుడు మందుతో బాగుపడి ఇంటికెళ్తే నా మొగుడు చావడానికి ఇంటికెళ్ళాలా, సంతకం పెట్టను, మందు చివరి చుక్క దాకా పడాల్సిందే అన్నాను. ఆయన మీద ఎప్పుడూ గొంతెత్తినదాన్ని కాదు. ఆ రోజు హాలంతా తిరిగి చూసింది.

పోనీ మీ ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు చూద్దామంటే, మీరు నన్ను నమాజ్ చేసుకురమ్మని పంపించి, నేను వచ్చేలోపల వెనక లిఫ్టులో దించేసుకుని వెళ్ళిపోయారు. నా దిష్టి తగులుతుందని దాచారని అనుకున్నాను. నిజమే, తగిలేదేమో.

అక్కడి నుంచి కుళ్ళే నాకు కూడూ నీళ్ళూ. మావారికి జ్వరం పెరిగినప్పుడల్లా, ఈపాటికి రామకోటేశ్వరరావుగారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటారు, బుల్లెమ్మ కాఫీ ఇస్తుంటుంది అని తలుచుకుని పళ్ళు కొరికేదాన్ని. బావగారు మళ్ళీ రెండుసార్లు కాగితం తెచ్చారు. అక్కడ ఆమెకి పని చేసింది, నాకెందుకు చెయ్యదు అని రెండుసార్లూ తిప్పి పంపాను. పని చేసింది.

సరే, నా ఏడుపు తీరిపోయింది కనుక రాజీకి వస్తున్నాను. శుక్రవారం డిశ్చార్జి అంటున్నారు. రంజాన్ నెల మొదలయ్యేలోపల మీ ఊరు వచ్చి మీ ఆయన్ని కళ్ళారా చూసి పోతాను. మీ డబ్బా నా దగ్గరే ఉంది. ఖాళీగా తేను, హల్వా చేసి తెస్తాను. మీ ట్రాక్టరు సీటు చిరిగిపోయిందని మీ ఆయన కింద వార్డులో మావారితో అన్నారట. దానికి కొత్త కవరు కుట్టి ఇస్తారట. కొలత పంపించమని మరీ మరీ రాయమన్నారు. పెద్దలకు సలాములు, చిన్నికి దీవెనలు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ మీ మేలు కోరని, ఇక నుంచి కోరబోయే
కరీమున్నీసా

తా.క. అక్కా, పైన రాసిందంతా మధ్యాహ్నం రాసింది. ఇది సాయంత్రం రాస్తున్నాను.

కవరు మీద మీ ఊరి అడ్రసు రాయించుకుందామని వినీల దగ్గరికి వెళ్ళాను. ఎవరికని అడిగింది. చెప్పాను. ఆ పిల్ల నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మీ ఆయన ఇంటికి చేరిన కాసేపటికే, ఆ ఆదివారం సాయంత్రమే పోయారని చెప్పింది.

డాక్టరుగారు మీ మంచం దగ్గర అంతసేపు ఎందుకు నిలబడేవారో, వినీల అన్నిసార్లు ఎందుకు తిరిగేదో ఇప్పుడు తెలిసింది. మీ ఆయన జబ్బు సంగతి తేలేసరికే ముదిరిపోయిందట. మీ ఆయన రక్తంలో ఏ క్రిమి ఉందో ముందే తెలిసింది కనుక మావారికి జ్వరం రాగానే ఆలస్యం లేకుండా ఆ మందు పెట్టారట. మీ పరీక్షతో మాకు మందు దొరికింది. నేనేమో మీరు పట్టుకుపోయారన్నాను.

ఆ పొద్దున ఇక లాభం లేదని డాక్టరుగారు మీతో చెప్పేశారట. బయటికి రాబోతూ తలుపు అద్దంలోంచి నా చేతిలో పెన్ను చూశారట. వెనక్కి తిరిగి, ఆ సాయిబుగారికి ఆశ ఉందా అని వినీలని అడిగారట. మందు పూర్తిగా పడితే ఉందని తనందట. అయితే మీ ఆయనకి తగ్గిందని నాతో చెబుతానన్నారట మీరు. అబద్ధం చెప్పడం తప్పు కదా పెద్దమ్మా అంటే, మీరు ఇలా అన్నారట.

"దానికి నేనంటే కుళ్ళమ్మా. నిజం చెబితే ఇప్పుడే సంతకం పెట్టేస్తుంది. కుళ్ళుకోనీ, ఆ పంతంతో ఇక్కడే ఉంటుంది. మనిషి లేచి కూర్చున్నాక చెబుదువుగాని."

ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపను. నా కుళ్ళు ఎంతుందో మీరు చదవాలి, దాని మీద నమ్మకం పెట్టుకున్నారు కనుక. పోస్టులో వెయ్యను, ఎల్లుండి పెద్దకర్మ అని వినీల చెప్పింది, నేనే తెస్తాను. మాలో చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించనివ్వం. చుట్టుపక్కలవాళ్ళే అన్నం తెస్తారు. మీ ఇంటి పొయ్యి ఎవరు చూశారో నాకు తెలియదు, నేను ఆలస్యమయ్యాను. మీ డబ్బాలో హల్వా కాదు, అన్నం పప్పు తెస్తాను. నీచు తగలని గిన్నెలో వండుతాను.

మావారికి ఇంకా చెప్పలేదు. చెబితే తట్టుకునే ఓపిక ఇంకా రాలేదని వినీల అంది. ఇందాక, ట్రాక్టరు సీటు కొలత వచ్చిందా అని అడిగారు. రామకోటేశ్వరరావుగారికి పొలం పనులట, తీరిక దొరకగానే పంపుతారట అన్నాను. నవ్వుతూనే అన్నాను. టీ కూడా తాగాను ఆయన ముందు. గుక్క గొంతు దిగలేదక్కా.

ఆ సున్నుండ మీరెలా మింగారు?