కార్డు మీది ఎర్రమాట

మాడుగులపల్లి

దేవిక టీచరమ్మకు కృపారాణి వాళ్లమ్మ కరుణ రాసేది. ప్రభువు పేర వందనాలు.

నా బిడ్డ జరంతోని పోయి ఆరు నెలలు. సమాధికి రాయి పెట్టిస్తున్నాం. పేరు కింద ఏం చెక్కాలని రాళ్లు చెక్కే మిర్యాలగూడ జానయ్య అడిగితే, ఏడో తరగతి మార్కుల కార్డు మీద మీ ఎర్ర స్టాంపు చూపించిన. "స్మార్ట్ అని ఉన్నదమ్మా" అన్నడు. ఆ మాటకు అర్థమేంది? యాడ నుంచి వచ్చింది? సంబంధం కలుపుకునే ముందు ఇంటిపేరు అడుగుతం కద, గట్లనే.

ఇట్లు, కరుణ

తా.క. జల్ది రాయండి. జానయ్య రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి "చెక్కాల్నా?" అంటుండు.

కోదాడ

కరుణగారికి నమస్కారం.

స్మార్ట్ అంటే తెలివైన పిల్ల. వెయ్యేళ్ల కిందట ఇంగ్లిషువాళ్లు నొప్పికి, మంటకు ఆ మాట వాడేవారట. తర్వాత పదునైన మాటకు, ఆ తర్వాత పదునైన బుర్రకు వచ్చింది. మనకూ చురుక్కుమనడం, చురుకుదనం పక్కపక్కనే లేవూ?

మీ దేవిక

తా.క. పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లిషు చెబుతున్నాను. మాట పుట్టుక అడిగింది మీరొక్కరే. డిక్షనరీ దుమ్ము దులిపి రెండు రోజులు తుమ్మాను.

మాడుగులపల్లి

టీచరమ్మకు వందనాలు.

మంట సంగతి నాకొకరు చెప్పాల్నా? ఆరు నెలల సంది అదే. కానీ నిన్న, నా బిడ్డతోని చదివిన చాందీ వాళ్లమ్మ తన బిడ్డ కార్డు తెచ్చింది. లెక్కల్లో మూడు మార్కులు. దాని మీద గూడ గదే స్టాంపు! ఇంకో రెండిండ్లల్ల అడిగిన, గాడ గదే. నిజం చెప్పండి. నా బిడ్డ తెలివైందా, లేక మీరు అందరికీ గుద్దిండ్రా?

కరుణ

తా.క. "అబద్ధమైతే రాయి మీద చెరపరాదమ్మా" అని జానయ్య ఉలి కింద పెట్టిండు.

కోదాడ

కరుణగారికి,

దాచినందుకు మన్నించండి. ఆ స్టాంపు మార్కుల్లో మొదటి పదిమందికే. వేసే పని మీ అమ్మాయికి అప్పజెప్పాను. తనది తప్ప నలభై రెండు కార్డులకూ వేసేసింది! కోప్పడ్డాను. "చాందీకి లెక్కలు రావు గని, మందల ఏ మేక తప్పిందో సూడంగనే చెప్తది టీచర్. అది తెలివి కాదా?" అంది. తన కార్డు నా ముందు పెట్టి, "నాది మీరే సూసి ఎయ్యాలె" అంది.

చూసే వేశానమ్మా.

దేవిక

తా.క. ఆ ఏడు హెడ్‌మాస్టరుగారు అన్ని కార్డుల మీదా ఆ స్టాంపు చూసి మా తరగతిని తెగ పొగిడారు. తల వంచుకుని చప్పట్లు కొట్టాను.

మాడుగులపల్లి

టీచరమ్మకు వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్న. నాలుగోసారి జానయ్యతోని చదివించుకున్న. రాయి నిలబెట్టినం. ఆ మాట మాత్రం చెక్కియ్యలేదు. తరగతందరికీ పంచిన పిల్లకు మళ్ల అదెందుకు? "కృపారాణి టీచర్" అని చెక్కించిన. మీకు కోపమొస్తే రాయండి, చదువుకుంట. రాయి మాత్రం మార్చ.

కరుణ

తా.క. నిన్న పొద్దుగూకంగ చాందీ మేకలతోని వచ్చింది. రాయి ముందట చేతులు కట్టుకొని, "గుడ్ మార్నింగ్ టీచర్" అన్నది. "కూసో బిడ్డా" అని నేనే అన్న.