జుట్టు సాపుచేసే మిషను

వాషర్‌మెన్‌పేట్,
చెన్నై.

చూడామణికి,

వందనం అని మొదలుపెడితే ఈ కాగితం అక్కడే చించేస్తావని, వందనం లేకుండానే మీ అక్క మొగుడు జకరయ్య రాసేది. నీ ఫోనులో నా నంబరుకు దారి మూసేశావు. నెల్లూరులో నీ పార్లరు గుమ్మం దాకా పోస్టుమాన్‌ను ఎవరూ ఆపరు గనక ఇలా వస్తున్నాను. వీధి ప్రసంగంలో, తన జుట్టే చెట్టుకొమ్మకు ఉరై వేలాడిన రాజకుమారుడి కథ చెబుతూ, జుట్టు సింగారం పాపమని మైకులో నిన్ను వేలెత్తి చూపించినవాణ్ణి నేనే. ఆ వాదన ఇంకోసారి పెట్టుకుందాం. ఇప్పుడు అడగవలసింది వేరే ఉంది. తక్కువ ధరలో దొరికేది, నిజంగా పనిచేసేది, జుట్టు సాపుచేసే మిషను ఏది? నవ్వుకో. నవ్వాక మిగతాది చదువు.

మీ అక్క అమ్ములుకు రొమ్ములో గడ్డ వచ్చింది. ఆస్పత్రిలో తీసేశారు. ఆ తర్వాత నరానికి మందు ఎక్కించారు. నీకు చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు అసలే వేయకూడదని వాక్యం. వేశాను, ఇప్పుడు తప్పుతున్నాను, రెండు పాపాలూ నావే. మందుకు జుట్టంతా రాలిపోయింది. చిన్నప్పుడు నువ్వు జడ వేస్తూ పెరిగిన జుట్టు, వేళ్ళ మధ్య నిలవకుండా జారిపోయే జుట్టు. అది పోయినప్పుడు అమ్ములు ఏడవలేదు. "వస్తుందిలే" అంది. వచ్చింది. మెడదాకా వచ్చింది. కానీ చుట్టలు చుట్టలుగా, ఇనుప పీచులా, దువ్వెన దిగకుండా వచ్చింది. ఈ మందు పడ్డవాళ్ళకు ఒక్కోసారి అలాగే వస్తుందని నర్సు చెప్పింది.

నేను విన్నదల్లా "వచ్చింది" అన్న ముక్క. తలవెంట్రుకలు సైతం లెక్కపెట్టి ఉంచే దేవుడు వాటిని తిరిగి అప్పజెప్పాడని ఆదివారం మా ప్రార్థన సహవాసంలో గొంతు చించుకున్నాను. ప్రార్థనలో ఆడవాళ్ళు ముసుగు తీయకూడదన్నది మా నియమం. ఆ నియమం తప్పారని ఎందరినో మందలించిన నోటితోనే, "అమ్ములూ, లేచి ముసుగు తియ్యి, ప్రభువు చేసిన కార్యం అందరినీ చూడనియ్యి" అన్నాను. లేచింది. తీసింది. జనం హల్లెలూయ అంటున్నారు. చాపమీద ఎవరో పిల్ల పక్కదానితో "గొర్రె" అంది. నాకు వినబడింది. తనకూ వినబడింది.

ఆ రోజు మొదలు ఇంట్లో కూడా ముసుగు తీయదు. పడుకున్నా తీయదు. "అద్దంలో ఎవతో నా చీర కట్టుకోని నిలబడినట్టుండాదయ్యా" అంటుంది. "ఇది నా జుట్టు కాదు. ఆ జబ్బు మొలిపించిన జుట్టు. నా చెల్లి కంట ఇది పడకూడదు."

కాబట్టి నువ్వు రావద్దు. వస్తే తలుపు వేసుకుంటుంది, నాకు తెలుసు. టి. నగర్ పార్లర్లలో ఏదో రసాయనం పూసి సాపు చేస్తామంటారు. అది పూయకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. పైగా పరాయివాళ్ళ ముందు తల విప్పదు. ఇంట్లో చేసుకునేదే కావాలి. నాది గొడౌన్ కాపలా జీతం. దానికి అందేది ఏదో రాయి. అక్కకు కాదు, నాకు రాయి.

నీ జవాబుకు అర్హత లేనివాడు,
జకరయ్య


వాషర్‌మెన్‌పేట్.

చూడామణికి,

నీ కాగితం అందింది. ఒక్క తిట్టు కూడా లేదు. అదే గట్టిగా తగిలింది. వేడి తగ్గించుకునే మీట ఉండాలి, పట్టీలు సెరామిక్‌వి కావాలి, కొత్తగా మొలిచిన జుట్టు నీరసంగా ఉంటుంది గనక అన్నిటికన్నా తక్కువ వేడి పెట్టాలి, తల పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి. నువ్వు రాసినవన్నీ బట్టీపట్టి సౌకార్‌పేట వెళ్ళాను. తెల్ల జుబ్బా, చంకలో వాక్యగ్రంథం. కొట్లో సెల్వం అనేవాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరికి సామీ? నీకా? నీ తలకాయ మీద ఏముండాదని?"

"ఇంట్లోవాళ్ళకు."

"ఈడ హోల్‌సేలు. డజను తీసుకుంటేనే ఇచ్చేది."

"నాకున్నది ఒక్క భార్యే నాయనా."

నవ్వాడు. "సెరి, ఒకటి ఎత్తుకో. మా కొట్టు కోసం ఒక ప్రార్థన చేసి పో."

వేడి తగ్గించే మీట ఉందా అని అడిగాను. "ఉండాది చూడు" అని తిప్పి చూపించాడు. ఉంది. తిరుగుతుంది. లోపల దానికి ఏ తీగా కలిపి లేదని తర్వాత తెలిసింది. వాడి కొట్టు కోసం ప్రార్థన కూడా చేసి వచ్చాను.

నరానికి ఎక్కించిన మందు వల్ల అమ్ములు వేళ్ళు మొద్దుబారిపోయాయి, మిషను పట్టుకోలేదు. నేనే చేయాలి. తలంటుకుని, ఆరబెట్టుకుని, పీట మీద కూర్చుంది. అన్నీ నువ్వు రాసినట్టే. ఒక్కటి నువ్వు రాయలేదు. ఎందుకు రాస్తావు, నీ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎవరు చేస్తారు ఆ పని? రోగిని ముట్టుకునే ముందు నూనె రాసి ప్రార్థించమన్నది మాకు వాక్యం. సహవాసంలో ప్రార్థించి ఇచ్చిన నూనెబుడ్డి ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. ఆ బుడ్డి అమ్ములు నడినెత్తిన వంచాను. చివరలదాకా వేళ్ళతో పట్టించాను. కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి, కాగి ఉన్న మిషను పెట్టాను.

తాలింపు చప్పుడైంది. పొగ లేచింది. నూనె కాగి చెవి మీదుగా మెడకు కారింది. నేను చెయ్యి లాగితే మిషనుతో పాటు ఒక పాయ ఊడివచ్చింది. అమ్ములు అరవలేదు. పళ్ళు బిగబట్టి, "ప్రార్థన కొంచెం ఎక్కువైనట్టుండాదయ్యా" అంది. మిషను ఆపి, చెంబుతో నీళ్ళు తెచ్చి మెడ మీద పోశాను. చెవి వెనక అంతా బొబ్బలు లేచాయి.

రాయలేక వెనక్కి నెడుతున్న మాట ఇంకొకటి ఉంది. కాలిన చోటు చూపించడానికి వెళితే, డాక్టరు పనిలో పనిగా స్కాన్ తీయించాడు. జబ్బు తిరిగి వచ్చింది. ఎముకల్లోకి వచ్చింది. మళ్ళీ మందు ఎక్కించాలట. ఈసారి అది జబ్బును తీసేయదు, కొంతకాలం ఆపుతుందంతే. జుట్టు మళ్ళీ పోతుంది. అమ్ములు ఒక్కటే అడిగింది. "అది పోయేలోపల ఒక్కసారి నా జుట్టు నాకు చూపించు. చూసి వస్తా ఆస్పత్రికి."

మా సంఘపెద్ద పాల్‌రాజ్‌కు సంగతి చెప్పాను. "దేవుడిచ్చిన సాక్ష్యాన్ని ఇస్త్రీ పెట్టి చెరుపుతారా బ్రదర్?" అన్నాడు. జబ్బు తిరిగొచ్చిన మాట బయట అనవద్దన్నాడు, విశ్వాసులు తొట్రిల్లుతారట. నేను తల ఊపి వచ్చాను. ఆ తల ఊపడం నన్ను తినేస్తోంది.

నీ దగ్గర పాతది ఏదైనా ఉంటే పంపు. పనిచేసేది.

జకరయ్య


వాషర్‌మెన్‌పేట్.

చూడామణీ,

పార్సిలు వచ్చింది. నువ్వు రోజూ వాడేదే పంపావు, పిడి అరిగి ఉంది. అంతకు మించి తిప్పవద్దని మీట పక్కన గోళ్ళరంగుతో చుక్క పెట్టావు. "మళ్ళీ నూనె ముట్టుకున్నావంటే నీ చెయ్యి ఇరిచేస్తా బావా" అని నువ్వు రాసింది అమ్ములుకు చదివి వినిపించాను. ఒట్టు తప్పిన సంగతి అలా బయటపడింది. కోప్పడలేదు. నవ్వింది.

బొబ్బలు మానాక మొదలుపెట్టాం. సన్నటి పాయ తీసి, చిక్కు విప్పి, పట్టీల మధ్య పెట్టి, ఎక్కడా ఆగకుండా కిందికి లాగాలి. ఆగితే కాలుతుంది. ఆగకుండా మాట్లాడడం వచ్చు గానీ ఇది నాకు రాదు. నోరు మూసుకున్నాకే చెయ్యి నడిచింది. పాయ సాపై పడిన కొద్దీ అమ్ములు తడుముకునేది. వేళ్ళకు తెలియదు గనక చెంపకు ఆనించుకుని చూసుకునేది. అంతా అయ్యాక అద్దం ముందు చాలాసేపు కూర్చుంది. "వచ్చినావా" అంది, అద్దంతోనే.

ఇక ఆస్పత్రికి వస్తుందని లోలోపల స్తోత్రం చెప్పుకుని సంచి సర్దాను. ఫ్లాస్కు కడిగాను.

"సంచి ఎందుకయ్యా?"

"చూసి వస్తానన్నావు గదా."

"అన్నాను. చూసేదాకా అట్లనే అనుకున్నా. ఇప్పుడు దీన్ని మళ్ళీ ఇచ్చేయలేను."

నేను ఊరుకునేవాణ్ణా? చావుపడక మీద గోడవైపు తిరిగి ఏడ్చి, పదిహేనేళ్ళ ఆయుష్షు తెచ్చుకున్న రాజును గ్రంథంలోంచి తెచ్చాను. జీవాన్నే కోరుకోమన్న ఆజ్ఞ తెచ్చాను. నా గొంతుకు పక్కింటివాళ్ళు కిటికీ వేసుకున్నారు. అమ్ములు అంతా విన్నది.

"ఆ రాజుకు ఏండ్లు ఇచ్చినారు. నాకు ఇస్తామనేది వాంతులతో కలిపి కొన్ని నెలలు. వద్దయ్యా. ఉన్నన్నాళ్ళు నా తలతో ఉంటా." సంచి పక్కకు నెట్టి అంది, "ప్రసంగం చేయాలనుంటే నాకు కాదు, ఆడ చెయ్యి, సహవాసంలో. ఉండేది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. ఆదివారం లేచి, ఈమె బాగుపడలేదు, బాగుపడిందన్నది దేవుడు కాదు, నేను, అన్నాను. పాల్‌రాజ్ మైకు తీగ పీకేశాడు. నా గొంతుకు మైకు అక్కర్లేదు, నీకు తెలుసు. కానీ చెప్పవలసింది అయిపోయింది. గ్రంథం మూసి, ఆడవాళ్ళ వైపు వెళ్ళి, చాపమీద అమ్ములు పక్కన కూర్చున్నాను. మగవాడు అటు కూర్చోవడం మాలో లేదు. ఎవరూ లేవమనలేదు. తర్వాతి పాట కూడా ఎవరూ ఎత్తుకోలేదు.

ఇక నన్ను ప్రసంగానికి పిలవరు. పోనీ. నొప్పికి మాత్రలిచ్చారు, అవి పనిచేసినంతసేపు బాగానే ఉంటుంది. నిన్న తనే అంది, "చెల్లిని రమ్మను" అని. ఈ ఉత్తరం అందుకే. రోజు విడిచి రోజు నేనే సాపు చేస్తున్నాను. ముందువైపు కుదురుతోంది. వెనకవైపు నాకు ఇప్పటికీ వంకరే వస్తోంది. తనకు కనబడదు గనక బాగా వచ్చిందని చెబుతున్నాను. తను నమ్ముతోంది. ఆ అబద్ధం నా చేత ఎక్కువ రోజులు చెప్పించకు. కాగితం చదవగానే దొరికిన బండి ఎక్కు.

నీ కోసం గుమ్మంలో ఉండే,
మీ బావ జకరయ్య