వంక మీద సగం బ్రిడ్జి

ఆదికేశవులు బావకు,

అక్కను పిల్చుకొని జాతరకు వస్తా ఉండావని తెలిసింది. సంతోషం. కొత్త బ్రిడ్జి దారిన మాత్రం రావద్దు, పుత్తూరు రోడ్డు మీదుగా చుట్టుకొని రా. బ్రిడ్జికి ఇంకా స్లాబు పడలేదు. వంకలో స్తంభాలు నిలబడి ఉండాయి, వాటి మీద కొంగలు కాపురం పెట్టినాయి.

బ్రిడ్జి పనికి పట్టే మూడేండ్ల డబ్బు ఒకేసారి మంజూరు చేయించుకోమని నువ్వు మొదట్లోనే చెప్పినావు. "సర్కారు అంత ముందుగా లెక్క వేస్తాదా బావా, వచ్చిన కాడికి మొదలుపెడదాం" అని నేను సర్పంచి తెలివి చూపించినాను. మామిడి మొక్క నాటి కాపు కోసం నాలుగేండ్లు కాచుకునేవాణ్ణి, బ్రిడ్జి మాత్రం మార్చి లోపల కాయాలనుకున్నాను. నెలాఖరు దాటితే డబ్బు వెనక్కి పోతాదని స్తంభాలు లేపించి, పక్కనే గట్టు మీద నా పేరుతో శిలాఫలకం కూడా నిలబెట్టించినాను. మరుసటి ఏడాది డబ్బు ఇంకో ఊరి రోడ్డుకు పోయింది.

ఈసారి పని ముగిసేదాకా ఏటేటా ఎంత ఇస్తారో ముందే రాసివ్వమని కలెక్టరుకు అర్జీ పెట్టాల. ఆఫీసులో చేసినోడివి, నువ్వే రాసిపెట్టు. నేను రాస్తే మళ్లీ ఈ ఏడాదికే అడుగుతానని మీ చెల్లెలు భయపడతా ఉండాది.

అంతా దండగ కాలేదులే బావా. వాన పడితే పాలక్యాన్లతో వంక దాటి గట్టు ఎక్కేవాళ్లు జారిపడకుండా ఆ శిలాఫలకాన్నే పట్టుకుంటా ఉండారు. పట్టుకొని పట్టుకొని నా పేరు సగం అరిగిపోయింది. ఇంకో ఏడాది పోతే పేరు ఉండదు, రాయి ఉంటాది.

నీ బామ్మర్ది