మునిగిపోలేదు, దాదాపు మునిగాడు

కార్న్ ఐలాండ్

ఆరాసెలీ అక్కకు,

తమ్ముడు యాదెర్ బతికే ఉన్నాడు. ఏడుపు ఆపి మిగతాది చదువు. అమ్మ ముందు మాత్రం పైకి చదవకు.

మొన్న నేను ఫోనులో చెప్పింది తప్పు. రొయ్యల పడవ నుంచి కెప్టెన్ రేడియోలో ఇంగ్లీషులో, "యాదెర్ నియర్లీ డ్రౌన్డ్" అన్నాడు. డ్రౌన్డ్ అంటే మునిగిపోవడమని తెలుసు. దాని ముందున్న మాట నా చెవికెక్కలేదు. వెంటనే నీకు చెప్పి గుండెలు బాదుకున్నాను. వాడి మంచి చొక్కా దానమిచ్చేశాను కూడా. అంతలో గాలివానకు ఫోన్లు పోయాయి.

పక్కింటి మిస్ వెర్లీన్ కొబ్బరి రొట్టె పట్టుకుని పరామర్శకు వచ్చింది. కెప్టెన్ ఏమన్నాడో చెప్పగానే తల పట్టుకుంది.

"ఓసి పిచ్చిదానా! నియర్లీ అంటే దాదాపు. దాదాపు మునిగాడంటే, మునగలేదనే! ఆ మాట మింగేసి మనిషిని చంపేశావు కదే!"

ఈ ఉదయం వాడు పడవ దిగాడు. వల తాడు కాలికి చుట్టుకుని నీళ్లలోకి లాగేసిందట.

"బతికుండగానే నా చొక్కా పంచేశావా అక్కా?" అని నవ్వాడు. తర్వాత ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

అమ్మ గుండె సంగతి నీకు తెలుసు, పోయాడనుకున్న కొడుకు ఒక్కసారిగా గుమ్మంలో కనబడితే తట్టుకోలేదు. వాడు ఈ ఉత్తరంతోనే బయల్దేరుతున్నాడు. మన ఇంటి కిటికీ కనిపించే బ్లూఫీల్డ్స్ రేవులో ఆగి, దీన్ని పడవవాడితో ఇంటికి పంపుతాడు. నువ్వు అమ్మ పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, నెమ్మదిగా చెప్పు. ఆమె కుదుటపడ్డాక కిటికీ తెరిచి చెయ్యి ఊపు. వాడు రేవులోంచి అటే చూస్తూ ఉంటాడు, నీ చెయ్యి కనిపించాకే ఇంటికి వస్తాడు.

నీ చెల్లెలు